బందరు బాట మీది సరిహద్దు పేట



వైశాఖమాసము వచ్చినదనగా మా నూజివీడు ప్రాంతపు బాటలన్నియు మామిడిపండ్ల వాసనతో నిండిపోవును. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు తోటలలో దిగిన వెంటనే లారీల కెక్కి బెజవాడ చేరువనున్న నున్న అంగడికి పోవును. అందులో హైదరాబాదునకు పోవలసిన సరకు ఇబ్రహీంపట్టణము, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పడమటికి సాగును. లారీ తోలు పిల్లవాని నడిగినచో, అది 65 వ నెంబరు జాతీయ రహదారి యని చెప్పును. 2010 వఱకు అది 9 వ నెంబరు. తెలంగాణమువారి తాతల నోట అది బందరు బాట. బందరువారి తాతల నోట గోలకొండ బాట. ఈ కొసవారు ఆ కొస పేరును, ఆ కొసవారు ఈ కొస పేరును పెట్టి పిలుచుట బాటలకు సహజము.

ఈ దినమున నేను చెప్పదలచినది ఆ బాటను గూర్చియు, దానిపై రెండు రాజ్యముల సరిహద్దున పెరిగిన జగ్గయ్యపేటను గూర్చియు. రాజుల కథలు, దొరల కథలు మనకు కొంత తెలియును. ఆ బాటపై బరువు మోసినవారి కథను మాత్రము మనము తక్కువగా చెప్పుకొందుము. కావున సందు దొరకినప్పుడెల్ల నేను వారివంకకే మరలుదును, పెద్దలు మన్నింపవలెను.

ఈ బాటను గోలకొండ సుల్తానులు వేసిరని తలంచువారు గలరు. అది సరికాదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున నొక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాత్రా గ్రంథము మన తీరమును మసాలియా యని పేర్కొని, అచ్చట సన్నని వస్త్రములు విస్తారముగా నేయబడుచుండెనని చెప్పుచున్నది. రెండవ శతాబ్దమునాటి టాలెమీ దీనినే మైసోలియా యనెను. కంటకోస్సిల యను రేవును గూడ నతడు చెప్పెను. నాగార్జునకొండ శాసనమున కంటకసేల యని యున్నదియు అదియే. నేడు చల్లపల్లికి చేరువనున్న ఘంటసాలయే ఆ రేవని పండితుల నిర్ణయము. రేవులో దిగిన సరకు రేవులోనే పడియుండదు గదా! అది లోపలి దేశమునకు పోవలెను. లోపలి సరకు రేవునకు రావలెను. పుదుచ్చేరిలో నుండి దక్షిణదేశ చరిత్రమును శోధించిన జూవో దుబ్రేల్ అను ఫ్రెంచి పండితుడు 1920 లో ప్రకటించిన గ్రంథమున, వేంగినుండి అయిదు దిక్కులకు అయిదు బాటలు పోవుచుండెననియు, బౌద్ధుల స్తూపములును విహారములును ఆ బాటల వెంబడినే కానవచ్చుచున్నవనియు చూపెను. మాకు ఈశాన్యముననున్న గుంటుపల్లి గుహలును, పడమటనున్న జగ్గయ్యపేట స్తూపమును ఇట్టి బాటల మీదివే. బాటసారి కొండపై నొక స్తూపమును చూచినచో అచ్చట నీరు, నీడ, రాత్రికి తావు కలవని గుర్తు. వర్తకుడు కానుక లిచ్చెను. భిక్షువు ఆశ్రయ మిచ్చెను.

జగ్గయ్యపేట చేరువనున్న ఆ గుట్టను ధనముబోడు అందురు. బర్జెస్సు అను దొర 1882 లో అచ్చట త్రవ్వించి స్తూపమును బయలుపఱచెను. అందు దొరకిన యొక పాలఱాతి వంటి చలువఱాతి పలకపై మాంధాతృ చక్రవర్తి మూర్తి చెక్కబడియున్నది. చక్రవర్తి చేయెత్తి నిలువబడియుండగా పైనున్న మేఘములనుండి చతురస్రములైన నాణెములు వానవలె కురియుచున్నవి. ఆ పలక యిప్పుడు చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. దేవతలు పూలవాన కురిపించుట మన పురాణములలో పలుమాఱులు చదివితిమి. కాని రూకలవాన కురిపించిన శిల్పి యెక్కడివాడు? నిత్యము నాణెముల గలగల వినబడు బాటప్రక్క నివసించినవాడే అయియుండవలెనని నా యూహ.

ఆ స్తూపమువద్దనే ఇక్ష్వాకు రాజైన మాఠరీపుత్ర శ్రీ వీరపురుషదత్తుని యిరువదవ పాలనాబ్దపు శాసనములు గలవు. కమ్మకరాష్ట్రమున నడతూరు గ్రామవాసియు, నాకచంద్రుని కుమారుడునగు సిద్ధార్థుడను శిల్పాచార్యుడు వెలగిరి గ్రామమున మహాచైత్యము తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభములను నిలిపెనని వాని సారాంశము. ఇందొక విశేషము గమనింపుడు. రాజు పేరు కాలమును తెలుపుటకు మాత్రమే వచ్చినది. దాత రాజు కాడు, మంత్రి కాడు. చేతిపని చేసికొని బ్రతుకువాడు. పదునేడు శతాబ్దములు గడచిన పిమ్మట మన కాతని తండ్రి పేరు, ఊరి పేరు తెలియుచున్నవి. ఆ స్తంభముల ఱాళ్లను బండలుగా ఎత్తి మోసినవారి పేరులు మాత్రము ఏ శాసనమునను లేవు.

ఇక నడుమనున్న శతాబ్దములను త్వరగా దాటెదను. ఒక్క సంగతి మాత్రము చెప్పక తప్పదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున నొక అభయశాసనమును వేయించెను. అంతకు ముందు రాజులు గాలివానకు తమ తీరమున చెడిన యోడలలోని ధనమును హరించుచుండిరి, మేమట్లు చేయము, ప్రాణములకు తెగించి సముద్రమును దాటి వచ్చువారి సొమ్ము వారిదే, ముప్పదింట నొకపాలు సుంకము తప్ప మఱేమియు గైకొనము — అని దాని భావము. వర్తకమునకు కావలసినవి రెండే యని ఆ రాజు గ్రహించెను. దారిలో భయము లేకుండుట యొకటి; సుంకము ఇంతయని ముందే తెలియుట రెండవది. ఈ రెండును నేటి మాటలో నిలుపుకొనుడు. జగ్గయ్యపేట పుట్టుటకును ఇవియే కారణములు.

ఆ కాలమున సరకు నేలమీద ఎట్లు నడచెను? తెలుగున పెరికె యను మాట గలదు. ఎద్దు వీపున ఇరుప్రక్కల వ్రేలాడునట్లు వేయు గోనెసంచి పెరికె. దానిని మోయునది పెరికెద్దు. వానిని తోలుకొని పోవు గుంపు బిడారము. మన పిల్లలు నేడు బిడారమనగా ఒంటెలనే తలంతురు; వారి పాఠ్యపుస్తకములలో నట్టి బొమ్మ లున్నవి. మన దేశమున బిడారమనగా ఎద్దులే.

1591 లో హైదరాబాదు నగరము నిర్మింపబడుటతో ఈ బాట దశ తిరిగినది. గోలకొండ రాజ్యమునకు బందరే సింహద్వారము. పారశీకమునుండి గుఱ్ఱములును, పండితులును, సిపాయిలును బందరున దిగి ఈ దారిని పోయిరి. డచ్చివారు 1605 ప్రాంతమునను, ఇంగ్లీషువారు 1611 లోను బందరున వర్తకశాలలు పెట్టిరి. 1632 లో అబ్దుల్లా కుతుబ్‌షాహి ఇంగ్లీషువారికి బంగారు ఫర్మానా యని ప్రసిద్ధికెక్కిన యనుమతి నిచ్చెను. ఫ్రెంచివారు 1669 లో వచ్చిరి. వీరందఱికి కావలసినది ముఖ్యముగా మన అద్దకపు బట్ట. చిరివేరు రంగుతో నద్దిన యెఱుపు, ఉదికినకొలది మెఱపెక్కు నని దానికి పేరు. చిరివేరు మన తీరపు టిసుకనేలలలో పండినది. ప్రత్తి మాత్రము చాలవఱకు బీరారు, నాగపురము దిక్కులనుండి రావలసినది. ఆ ప్రత్తి వచ్చినది ఎద్దుల వీపులమీదనే. పెడనలోను, పోలవరములోను నేటికిని అద్దకము వేయుచున్నవారి తాతల చేతి నైపుణ్యమును మనము పొగడుదుము. ఆ ప్రత్తిని నెలల తరబడి నడిచి తెచ్చినవాడు లేనిచో ఆ చేతికి పని యెక్కడిది?

తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు పదునేడవ శతాబ్దమున ఈ బాటను తిరిగినవాడు. గోలకొండనుండి బందరునకు తిన్నని దారిని 100 క్రోసులనియు, కొల్లూరు వజ్రపు గని మీదుగా పోయినచో 112 క్రోసులనియు వ్రాసెను. ఏఱులు, చెఱువులు, గుట్టలు అడ్డముగా నుండుటచేత చక్రపు బండ్లు నడచుట దుర్లభమనియు, ఎద్దులపై సరకును, పల్లకీలలో మనుష్యులును పోవుదురనియు చెప్పెను. మూసీ, పాలేఱు, మునేఱు దాటినవారికి ఆ మాటలో నతిశయోక్తి కానరాదు. 2023 జూలైలో మునేఱు పొంగి నందిగామ చేరువ ఐతవరమువద్ద ఈ మహారహదారియే నీట మునిగినది. 2024 సెప్టెంబరులో గరికపాడు వద్ద పాలేటి వంతెన దెబ్బతిన్నది. తావెర్నియే నేడు వచ్చిన తన వ్రాతలో నొక వాక్యమును కొట్టివేయ నక్కఱలేదు.

వజ్రముల ప్రసక్తి వచ్చినది గనుక మా ప్రాంతపు సంగతి యొకటి. కొల్లూరు పేరు లోకమెల్ల ఎఱుగును. అది పులిచింతల జలాశయమున మునిగిపోయినది. కాని మా నూజివీటికి చేరువనున్న మల్లవల్లిలోను వజ్రపు గను లుండెను. చెన్నపట్టణపు కోటకు అధికారిగా నుండిన స్ట్రేన్‌షామ్ మాస్టరు 1679 లో ఈ ప్రాంతమున సంచరించి వానిని గూర్చి తన దినచర్యలో వ్రాసికొనెను. ఈనాడు ఆ యెఱ్ఱనేలపై మామిడితోట లున్నవి. వజ్రము పోయెనని విచారించువారిని నేను చూడలేదు. గనిలో దిగినవాని బ్రతుకుకంటె తోటకాపు బ్రతుకు మేలని వారి యభిప్రాయము కాబోలు, నాదియు నదియే.

తావెర్నియే వ్రాసిన మఱియొక సంగతి నాకు మిక్కిలి ముఖ్యముగా తోచును. దేశమంతట ఎద్దుల బిడారములతో తిరుగు నాలుగు తెగలవారు గలరనియు, వారికి ఇండ్లు లేవనియు, డేరాలే వారి నివాసములనియు అతడు చెప్పెను. ఒక తెగవారు ధాన్యమును, ఒక తెగవారు బియ్యమును, ఒక తెగవారు పప్పులను, ఒక తెగవారు ఉప్పును మాత్రమే మోయుదురట. ఒక్కొక్క బిడారమున పదివేలు, పండ్రెండువేల యెడ్లు. అట్టి రెండు బిడారములు ఇఱుకు దారిలో నెదురుపడినచో దారి యెవరు విడువవలెనను తగవు వచ్చి నెత్తురు కాఱువఱకు పోయెడిది. ఇందువలన దేశమున ఆహారపు రాకపోకలు చెడుచున్నవని మొగలు పాదుషా రెండు తెగల నాయకులను పిలిపించి, కలహింపవలదని చెప్పి, ఒక్కొక్కరికి లక్ష రూపాయలును ముత్యాలహారమును ఇచ్చి పంపెనట. పాదుషా దండించి పంపలేదు. కానుక లిచ్చి పంపెను. వారు నడువకున్న తన సేనలకు కూడు లేదని అతడెఱుగును.

ఆ తెగలవారే మన లంబాడీలు. సుగాలీలనియు, బంజారాలనియు వేఱు పేరులు. లవణము మోయుటచేత లంబాడీ యను పేరు వచ్చెనని చెప్పుదురు.

ఇక సరిహద్దు సంగతి. 1687 లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. పిమ్మట నిజాము వచ్చెను. 1750 లో ఫ్రెంచివారు బందరు గైకొనిరి. 1759 ఏప్రిలులో ఇంగ్లీషు సేనాని ఫోర్డు రాత్రివేళ కోటపై పడి వారి చేతినుండి దానిని లాగికొనెను. 1766 నాటి ఒడంబడికతో సర్కారులు కంపెనీవా రయ్యెను. అంతవఱకు గోలకొండనుండి బందరు వఱకు ఒకే రాజ్యముగా నున్న బాట నడుమ ఒక గీత పడినది. ఆ గీతయైనను తిన్ననిది కాదు. బెజవాడనుండి పడమటికి బయలుదేఱిన బాటసారి తొలుత కంపెనీ సీమలో నడచును. కంచికచర్ల చేరకముందే పరిటాల. వజ్రపు నేల గనుక నిజాము పరిటాలను, దాని చుట్టునున్న కొన్ని యూళ్లను విడువక తన క్రింద నుంచుకొనెను. అవి చుట్టును ఇంగ్లీషు సీమ గల నైజాము దీవులు. వానిని దాటి నందిగామ, జగ్గయ్యపేట చేరినచో మరల ఇంగ్లీషు సీమ. పాలేఱు దాటి కోదాడ చేరినచో నైజాము. కోదాడ దాటి మునగాల చేరినచో — అది చుట్టును నైజాము గల యింగ్లీషు పరగణా! అది దాటి సూర్యాపేట దారి పట్టినచో మరల నైజాము. నాలుగైదు దినముల కాలినడకలో అయిదు మాఱులు రాజ్యము మాఱెడిది. ఈ విచిత్రము 1948 వఱకు నిలిచినదన్న నేటి బాలురు నమ్మరు.

ఇట్టి గీత యున్నచోట దొంగ బ్రతుకును. ఇచ్చట దోచినవాడు ఏఱు దాటి అచ్చట దాగును. అచ్చటివాడు ఇచ్చట దాగును. ఇరువురు ప్రభువులలో నెవరి సిపాయియు ఏఱు దాటలేడు. పదునెనిమిదవ శతాబ్దపు చివర ఈ ప్రాంతమును వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు ఏలుచుండిరి. 1783 లో జమీందారీకి వచ్చి 1816 లో స్వర్గస్థులైరి. చింతపల్లి వారి తొలి నివాసము; పిదప అమరావతిని కట్టించి అచ్చటికి తరలిరి. సరిహద్దున బేతవోలను చిన్న గ్రామముండెను. దొంగల తావని దానికి చెడ్డపేరు. నాయుడుగారు అచ్చట వీథులు తీర్చి, గోడ పెట్టించి, కోమట్లను, సాలెలను, సాహుకార్లను పిలిపించి నిలిపి, తండ్రి జగ్గయ్యగారి పేర జగ్గయ్యపేట యని పేరుపెట్టిరని పెద్దలు చెప్పుదురు. తల్లి అచ్చమ్మగారి పేర అచ్చంపేట. తల్లిదండ్రుల పేర గుళ్లు కట్టించినవారు పెక్కుమంది గలరు. అంగళ్లు కట్టించినవారు తక్కువ.

నాయుడుగారి దానములను గూర్చి మన ప్రాంతమున ఎన్నియో కథలు గలవు. ఆయనను గూర్చిన మఱియొక జనశ్రుతియు గలదు. దారులు కొట్టుచున్నారను నెపమున చెంచులను విందునకు పిలిపించి నఱికించెననియు, ఆ పాపము మనస్సును పట్టి పీడింపగా దానికి నిష్కృతిగా అమరేశ్వరుని సన్నిధి చేరెననియు జనులు చెప్పుకొందురు. నరుకుళ్లపాడను నూరి పేరును దానికి సాక్ష్యముగా చూపుదురు. జనులు రెండు కథలను గూడ రెండు వందల యేండ్లుగా విడువక చెప్పుచుండుట నాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. గోడ కట్టినవాని కీర్తియు నిలిచినది. గోడవెలుపల నేల తడిసినదను మాటయు నిలిచినది.

పేట మాత్రము వర్ధిల్లినది. గణపతిదేవుని శాసనమునందలి రెండు మాటలు — భయము లేకుండుట, సుంకము తెలిసియుండుట — ఇచ్చట నెఱవేఱినవి. కోస్తానుండి ఉప్పు వచ్చి యిచ్చట దిగెడిది. తెలంగాణమునుండి ప్రత్తి, ఆముదపుగింజలు, తోళ్లు వచ్చెడివి. పట్టు నేయువారు పేటలో స్థిరపడిరి. సరిహద్దు కావలివైపున నైజాము వారి కరోడ్‌గిరీ నాకా యుండెడిది. సుంకపు కచేరీకి వారి పేరది. వెల మీద నూటికి అయిదు వంతున సుంకము. మూట విప్పించి చూచుట, చీటి వ్రాయించుట, జవానుకు మామూలు ముట్టజెప్పుట — ఈ తంతు ముగియునప్పటికి ప్రొద్దు క్రుంకెడిది. క్రుంకిన ప్రొద్దు పేటకు లాభము. బాటసారి యిచ్చట వండుకొని, పండుకొని, నాలుగు డబ్బులు వెచ్చించి పోవలెను గదా. నాణెములును రెండు. ఇంగ్లీషు రూపాయిని కల్దారు అనిరి. నైజాము రూపాయిని హాలీ అనిరి. ఇరువదవ శతాబ్దమున సుమారుగా ఆఱు కల్దార్లకు ఏడు హాలీలు మాఱకము. ఆ మాఱకమున దమ్మిడీ దమ్మిడీ కూర్చి మేడలు కట్టినవారు గలరు. మాంధాత కాలమునాటి రూకలవాన మరల ఆ చుట్టుప్రక్కలనే కురిసినదన్నమాట.

అట్టి పేట తలవ్రాత మార్చినది పొగబండి. నిజాము రైలుమార్గము సికిందరాబాదునుండి వరంగల్లు, ఖమ్మము, మధిర మీదుగా 1889 లో బెజవాడకు చేరినది. అది జగ్గయ్యపేటను తాకలేదు. పదిదినముల బరువును ఒక రాత్రిలో మోయు యంత్రము వచ్చిన పిమ్మట ఎద్దు వీపునకు బేరమెక్కడ? పేటలోని వర్తకులు మెల్లగా సర్దుకొనిరి. చుట్టుప్రక్కల యూళ్లకు అదియే అంగడి గనుక నిలిచినది. నేటి సిమెంటు కర్మాగారముల కాలమున మోటుమఱ్ఱినుండి రైలుదారియు వచ్చినది. మాంధాత మూర్తిని చెక్కినట్టి సున్నపుఱాయినే నేడు ఆ ప్రాంతమున కొలిమిలో కాల్చి సిమెంటు చేయుచున్నారు.

సర్దుకొనలేక పోయినవారు లంబాడీలు. వారికి అంగడి లేదు, పొలము లేదు. ఉన్నవి ఎడ్లును, దారులును. ఎడ్లకు బేరము పోయినది. అడవి కంచెలు వచ్చి మేత పోయినది. 1871 లో ఇంగ్లీషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. 1911 నాటి సవరణతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించినది. లంబాడీలలో కొన్ని శాఖలను ఆ పట్టికలో చేర్చిరి. పుట్టుకచేతనే నేరస్థులనిపించుకొని ఠాణాలో హాజరు పలుకవలసివచ్చినది. ఏ దారులపై వారు నడిచినచో దేశము కూడు తినెనో, ఆ దారులపై వారు నడచుటయే నేరమైనది. 1952 లో ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను మాట పోలేదు. “తండావాళ్లు వచ్చారు, వాకిలి చూసుకోండి” అను మాటను నేను మంచి కుటుంబములలోనే విన్నాను. మీరును వినియుందురు.

మా ప్రాంతమున ఏ.కొండూరు, తిరువూరు దిక్కుల తండాలు పెక్కు గలవు. నేను బడిలో పనిచేయు కాలమున ఒక తండానుండి పిల్లవానిని చేర్పించుటకు వాని తాత వచ్చెను. దరఖాస్తులో ‘కులవృత్తి’ యను గడివద్ద కలము నిలిపి, “మీ వృత్తి యేమి తాతా?” అంటిని. ముసలివాడు కొంచెముసే పాలోచించి, “లదేణి పంతులుగారూ” అనెను. ఎద్దులపై సరకు వేసికొని పోవుటకు వారి భాషలో ఆ పేరు. “అది నువ్వు చేశావా?” అంటిని. “నేను చూడలేదు. మా అయ్య చూడలేదు. మా తాత చేసినాడు. బందరు ఉప్పు వేసుకొని పోయినాడు, పత్తి వేసుకొని వచ్చినాడు. ముందు పోయే ఎద్దుకు గంటలు కట్టేవాళ్లంట, ఆ గంట విని ఊళ్లోవాళ్లు ఉప్పుకుండలు తెచ్చుకొనేవాళ్లంట. మా అమ్మమ్మ పాటలో ఉంది” అనెను. నాలుగు తరముల క్రిందట పోయిన పనిని అతడు తన పనిగా చెప్పుకొనెను. నేను గడిలో ‘కూలి’ యని వ్రాయలేదు. ‘రవాణా’ యని వ్రాసితిని. పై అధికారి చూచి ప్రశ్నించెను గాని దిద్దలేదు.

సరిహద్దు బాటపై సరకులే గాక విద్యయు నడచినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1877 లో ఈ బాట చేరువనున్న పెనుగంచిప్రోలున జన్మించిరి. మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. ఆ మునగాల రాజాగారైన నాయని వేంకటరంగారావుగారును, రావిచెట్టు రంగారావుగారును, లక్ష్మణరావుగారును కలసి 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమును స్థాపించిరి. 1906 లో విజ్ఞానచంద్రికా మండలి. తెలుగున చరిత్రమును, శాస్త్రమును పల్లెటూరివాడు చదువదగిన వెలకు అందించినది ఆ మండలియే. నైజామున తెలుగు పుస్తకము అరుదైన కాలమున, నైజాము నడుమనున్న ఇంగ్లీషు దీవికి దివానైనవాడు ఆ పని తలపెట్టుట యాశ్చర్యము కాదు. రెండు సీమల మంచిచెడ్డలను నిత్యము చూచు కన్ను ఆయనది. పిదప రజాకార్ల కాలమున ఊళ్లు విడిచి ప్రాణభయముతో వచ్చినవారు ఈ బాటనే పాలేఱు దాటి జగ్గయ్యపేట, నందిగామలలో తలదాచుకొనిరి. 1948 సెప్టెంబరులో భారత సేన బెజవాడనుండి బయలుదేఱి ఈ బాటనే కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా సాగినది. పరిటాల నైజాము నేల కాకపోయినది. మునగాల 1959 లో నల్లగొండ జిల్లాలో కలిసినది.

1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశ మేర్పడుటతో గీత చెఱిగినది. ఏబది యేడేండ్లకు పైగా జగ్గయ్యపేట సరిహద్దు పేట కాకుండెను. 2014 జూన్ 2 న తెలంగాణ రాష్ట్ర మేర్పడగా, పూర్వపు గీత యున్న చోటనే, పాలేటి ప్రక్కనే, గరికపాడు వద్ద మరల తనిఖీ స్థానము వెలసినది. సరకు పన్ను కొఱకు లారీలను నిలుపుట 2017 జూలైలో కొత్త పన్ను విధానము వచ్చిన పిమ్మట పోయినది. ఇక గీతకు పనిలేదని యనుకొంటిమి.

2020 మార్చి కడపటి వారమున కరోనా వ్యాధి భయముచేత దేశమంతట రాకపోకలు నిలిచినవి. హైదరాబాదున వసతిగృహములు మూయబడగా, చదువుకొను పిల్లలును, కొలువులు చేయువారును ఇంటిదారి పట్టి వేలకొలది ఈ బాటపై వచ్చి గరికపాడు వద్ద నిలిచిపోయిరి. ఆడుపిల్లలు రాత్రియంతయు రోడ్డుపై గడపిరి. చేత తెలంగాణ పోలీసుల చీటి. ఎదుట ఆంధ్ర పోలీసుల అడ్డుకఱ్ఱ. ఆ పిమ్మట మా తోటల కాయ దిగుకాలము వచ్చినది. సరకు లారీలకు అనుమతి గలదు. మామిడికాయ పోయినది, మనిషి నిలిచినాడు. నైజాము కాలమున ఇది తలక్రిందులుగా నుండెడిది. నాకా వద్ద మూటను నిలిపి, మూట మోయువానిని ‘నీవు పొ’మ్మనెడివారు.

ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలకు నాదొక మనవి. మీ యూరి పొలిమేరలో బిడారుదిబ్బ యనియో, లంబాడీబావి యనియో, ఉప్పులదారి యనియో పేరుగల తావు ఉండవచ్చును. మీ అటకపై కరణీకపు కాగితములలో సుంకపు చీట్లు, ఉప్పు రవానా చీట్లు ఉండవచ్చును. కావలి వేంకటబొఱ్ఱయ్య మొదలగు సోదరులు రెండువందల యేండ్ల క్రిందట మెకంజీ దొర కొఱకు ఊరూరను తిరిగి కైఫియతులు సేకరించిరి గాని, అందులో గ్రామ కరణములు చెప్పినది గలదు, తండా నాయకులు చెప్పినది కానరాదు. మీ సమీపపు తండాలో పాటలు వచ్చిన ముసలమ్మ యొకతె యున్నచో, మనుమరాలి చేత ఆ పాటను వ్రాయింపుడు. చేతనున్న ఫోనులో పట్టి యుంచినను చాలును. ఎద్దు గంటల సంగతి యందులో నున్నదేమో, ఏ యేటివద్ద దిగిరో, ఏ యూరివారు ఉప్పునకు బదులు జొన్న లిచ్చిరో, ఏ యూరివారు నీళ్లు పోయక తఱిమిరో వినుడు.